ఒక్క స్క్రూ చాలు

ఆసుపత్రి వెనక భవనంలో, కింది అంతస్తులో, తలుపు మీద మూడు వరుసల పేరు రాసి ఉన్న గది ఒకటుంది. ఆ పేరు చివరిదాకా చదివినవాళ్ళు ఇంతవరకూ లేరు. అందరూ దాన్ని విరుపుల గది అంటారు. అందులో పనిచేసే ఆవిణ్ణి విరుపుల మేడమ్ అంటారు. ఎముకలు విరగ్గొట్టడం ఆవిడ ఉద్యోగం. పద్దెనిమిదేళ్ళుగా, ఎవరి మీదా కోపం లేకుండా, రోజుకు నాలుగైదు చొప్పున విరగ్గొడుతోంది.

నిజం ఎముకలు కావు లెండి. పైన గట్టి పెంకు, లోపల నురుగు పోసి ఒక కంపెనీవాళ్ళు చేసి పంపే ఉత్తుత్తి ఎముకలు. సర్జన్లకు కొత్త ఆలోచన వచ్చినప్పుడల్లా ముందు వీటి మీద చేసి చూపించాలని నియమం. సర్జన్లకు కొత్త ఆలోచనలు తెగ వస్తాయి. మేడమ్ ఆ ఎముక అడుగుభాగాన్ని ఇనప గిన్నెలో నిలబెట్టి, చుట్టూ రెసిన్ అనే చిక్కటి జిగురు పోసి, అది రాయిలా గట్టిపడ్డాక గిన్నెను యంత్రానికి బిగిస్తుంది. యంత్రం ముందు వేలసార్లు మెల్లిగా నొక్కుతుంది, ఆ తర్వాత విరిగేదాకా నొక్కుతుంది. ఎన్ని కిలోల దగ్గర విరిగిందో ఆవిడ కాగితం మీద రాస్తుంది. ఆ అంకె చూసి ఒక డాక్టరు ఎగిరి గంతేస్తాడు, ఇంకొక డాక్టరు యంత్రం పాడైందంటాడు.

ఈ మధ్య గంతేసిన డాక్టరు భుజాల డాక్టరు. ఆయన్ని వెనకాల అందరూ 'ఒక్క స్క్రూ సార్' అంటారు. ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పాలంటే ముందు భుజం సంగతి చెప్పుకోవాలి.

చేతి ఎముక కొసన గుండు ఉంటుంది. అది కూర్చునేది రెక్క ఎముక పక్కనున్న చిన్న పళ్ళెంలో. పళ్ళెం అంటే లోతైనదేం కాదు, టీ సాసరులాంటిది. భుజం పదేపదే జారేవాళ్ళకు ఆ సాసరు ముందంచు అరిగిపోతుంది, ఇక గుండును ఆపే నాథుడుండడు. అప్పుడు పక్కనే కొక్కెంలా పొడుచుకొచ్చిన ఎముక కొసను కోసి తెచ్చి, అరిగిన అంచుకు గట్టులా బిగిస్తారు. బిగించడానికి రెండు స్క్రూలు వేస్తారు. ఒకటే వేస్తే ఆ ముక్క దాని చుట్టూ తిరుగుతుంది కాబట్టి రెండు. ఒక్క మేకు మీద తగిలించిన పటం పక్కకు వాలుతుందని ఇంట్లో పటం ఉన్న ప్రతివాళ్ళకూ తెలుసు. డాక్టరు గారి ఇంట్లో పటాలు ఎవరు సర్దుతారో మరి, ఆయనకు మాత్రం తెలియలేదు. "ఒకటి చాలదా?" అన్నారు. ఒకటైతే కోత చిన్నది, పావుగంట ఆదా, అన్నిటికీ మించి ఆ పద్ధతికి ఆయన పేరు పెట్టుకోవచ్చు.

పరీక్ష మొదలైంది. పన్నెండు ఎముకలు తీసుకున్నారు. ఆరింటికి రెండేసి స్క్రూలు, ఆరింటికి ఒక్కొక్కటి. రెండు స్క్రూల ఎముకలు మేడమ్ ఎప్పటిలాగే ముందు రెసిన్‌లో నిలబెట్టింది, తర్వాత వాటికి ఒక జూనియర్ డాక్టరు స్క్రూలు వేశాడు. ఒక్క స్క్రూ ఎముకల దగ్గరకొచ్చేసరికి పెద్దాయన అడ్డం పడ్డారు. "వీటికి నా చెయ్యే పడాలి" అని ఆరూ తన గదికి తెప్పించుకున్నారు. పొడవైతే పట్టు బాగుంటుందని డబ్బాలో ఉన్నవాటిలోకెల్లా పొడవైన స్క్రూలు ఏరి వేశారు. మొనలు వెనక వైపు నుంచి వేలి గోరంత బయటికొచ్చాయి. ఆపరేషన్లో అయితే అదొక పొరపాటు. ఆయన చేస్తే శైలి.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ ఎముకలు విరుపుల గదికి పంపడానికి సంచిలో సర్దబోతే రెక్కలు అడ్డమొచ్చాయి. డాక్టరు గారు రంపం తీసుకుని ఆరింటి రెక్కలూ సగానికి కోసి సంచిలో పట్టించారు. ఎముకలు మేడమ్ బల్ల మీదికి మొండి మొండిగా వచ్చాయి. గిన్నెలో నిలబెడితే ఊగుతున్నాయి. ఊగే ఎముకను యంత్రం ఒప్పుకోదు. అప్పుడు మేడమ్ ఒక పని చేసింది. రెసిన్ ఎప్పుడూ పోసే గీత దాటించి, ఎముక మెడ దాకా పోసింది. ఊగడం ఆగింది. బాగుందనుకుంది.

ఫలితం శనివారం వచ్చింది. రెండు స్క్రూలవి అరవై కిలోలకు అటూ ఇటూ విరిగాయి. ఒక్క స్క్రూవి తొంభై దాటాయి. రెండు కంటే ఒకటి ఎక్కువని తేలింది. మామూలు మనిషైతే తప్పెక్కడుందో వెతుక్కుంటాడు. డాక్టరు గారు మిఠాయి తెప్పించారు. ప్రొఫెసరు గారు, అంటే ఆ గదికి పెద్ద, అంకెలను మూడు రంగుల్లో గీయించి వైద్య పత్రికకు వ్యాసం పంపించారు. వ్యాసం పైన ఏడుగురి పేర్లున్నాయి. ఏడోది మేడమ్‌ది.

ఇక్కడ ఆవిణ్ణి వెనకేసుకు రావడం కుదరదు. పద్దెనిమిదేళ్ళలో ఎన్నో వ్యాసాలకు ఎముకలు విరిచిపెట్టింది, ఒక్కదాని మీదా ఆవిడ పేరు లేదు. ఇప్పుడు అచ్చులో కనబడబోతోందంటే ఆవిడకు కాలు నేల మీద నిలవలేదు. ఆ మొదటి పేజీ నకలు తీసుకుని తమ్ముడింటికి వెళ్ళి చూపించింది. రెండు కంటే ఒకటి ఎందుకు గట్టిగా ఉందని ఆవిడ బుర్రలో ఒక మూల దోమలా ఏదో గీపెట్టింది గానీ, దాన్ని విదిలించేసింది.

తమ్ముడు పైకప్పులకు రంగులు వేసే పనివాడు. రోజంతా నిచ్చెన మీద చెయ్యి పైకెత్తి ఉండాల్సిన పని. వాడి కుడి భుజం రెండేళ్ళలో పదకొండుసార్లు జారింది. బస్సు ఆపమని చెయ్యెత్తితే జారింది, ఆవులిస్తూ ఒళ్ళు విరుచుకుంటే జారింది, పక్కింటివాళ్ళ పెళ్ళి ఫోటోలో అందరూ నవ్వుతుంటే వీడొక్కడే నోరు తెరిచి అరుస్తూ ఉంటాడు. పదకొండోసారి మాత్రం నవ్వొచ్చేది కాదు. నిచ్చెన పై మెట్టు మీద జారింది, రంగు డబ్బాతో సహా కిందపడ్డాడు. ఇంకో మూరెడు అటు పడుంటే తల మెట్ల అంచుకు తగిలేది. అందుకే ఆపరేషన్. చేసేది ఒక్క స్క్రూ సారే, గురువారం ముహూర్తం.

"నీ పేరున్న స్క్రూ నా భుజంలో ఉంటుందన్నమాట. ఇంకేం కావాలే అక్కా!" అన్నాడు తమ్ముడు పేజీ తిప్పి చూస్తూ. మేడమ్‌కు కళ్ళు చెమర్చాయి.

మంగళవారం మధ్యాహ్నం ఆవిడ గిన్నెలు శుభ్రం చేసింది. పరీక్ష అయ్యాక రెసిన్ ముద్దలను సుత్తితో పగలగొట్టి గిన్నెలను మళ్ళీ వాడుకోవడం ఆ గదిలో పద్ధతి. ప్రొఫెసర్లు, డాక్టర్లు, పరిశోధకులు ఎవరూ ఆ పని చేయరు. చేసుంటే ఈ కథ అక్కడే ఆగేది. మొదటి ఒక్క స్క్రూ ముద్ద పగిలింది. దాని లోపల స్క్రూ మొన కనిపించింది. దాన్ని అంటిపెట్టుకున్న రెసిన్ పెళ్ళ మీద స్క్రూ చుట్ల గాడి అచ్చుదిగినట్టు తేటగా ఉంది.

రెండోది పగలగొట్టింది. అదే. మూడోది. అదే. ఆరూ అంతే.

మేడమ్ సుత్తి పక్కన పెట్టింది. మొనలు ముందే బయటికొచ్చి ఉన్నాయి. తను మెడ దాకా పోసిన రెసిన్ ఆ మొనలను మింగి, రాయై, పట్టుకుంది. యంత్రం తొంభై కిలోల దాకా పోట్లాడింది ఎముకతో కాదు, రెసిన్‌తో. మనుషుల భుజాల్లో ఎవరూ రెసిన్ పోయరు.

బీరువాలో మూడు ఎముకలు మిగిలి ఉన్నాయి. వాటి రెక్కలు కోయకుండా, ఎప్పటి గీత దాకానే రెసిన్ పోసి, ఒక్కొక్క స్క్రూ వేసింది. ఆ సాయంత్రమే మూడూ యంత్రానికి ఎక్కించింది. నలభై ఒకటి. ముప్ఫై ఎనిమిది. నలభై నాలుగు. విరగడం కూడా కాదు, మూడింటిలోనూ ఎముక ముక్క స్క్రూ చుట్టూ గిర్రున తిరిగి పక్కకు తప్పుకుంది. గుండు దర్జాగా పళ్ళెం దిగి వెళ్ళిపోయింది.

బుధవారం పొద్దున్నే ప్రొఫెసరు గారి దగ్గరికెళ్ళింది. ఆయన అంతా శ్రద్ధగా విన్నారు. "మూడే ఎముకలు. మూడింటితో శాస్త్రంలో ఏమీ తేలదమ్మా" అన్నారు. తప్పుడు ఎముకలు ఆరున్నాయి కాబట్టి శాస్త్రం వాటి పక్షానే ఉందన్నమాట. వ్యాసం అచ్చయ్యాక తీరిగ్గా ఇంకో వ్యాసం రాద్దామని కూడా మాటిచ్చారు.

అక్కణ్ణించి భుజాల డాక్టరు గదికెళ్ళింది. ఆయన బల్ల మీద ప్లాస్టిక్ భుజం ఒకటి నిలబెట్టి, దాని వెనక నిలబడి ఫోటో తీయించుకుంటున్నారు. ఫోటోగ్రాఫరు వెళ్ళిపోయేదాకా ఆగి, ఆవిడ విషయం చెప్పింది.

"మనం కొలిచింది ఎముక బలం కాదు సార్. రెసిన్ బలం."

"ఏమ్మా, స్క్రూ దేన్ని పట్టుకుంటే ఏంటి? గట్టిగా పట్టుకుందా లేదా?"

"మనిషి భుజంలో రెసిన్ ఉండదు కదా సార్."

"మనిషి భుజంలో కండ ఉంటుంది, రక్తం ఉంటుంది, కోలుకోవాలన్న పట్టుదల ఉంటుంది. నీ నురుగు ఎముకకు పట్టుదల ఉందా? కోడిగుడ్డు మీద ఈకలు పీకకు." ఆయన ప్లాస్టిక్ భుజాన్ని ఒకసారి తిప్పి చూసుకున్నారు. "అయినా ఆ రెసిన్ పోసింది ఎవరు?"

"నేనే సార్."

"మరి? నీ తప్పుకు నన్ను పంచాయితీకి పిలుస్తావేంటి?"

మేడమ్ తల కొట్టేసినట్టయి నిలబడింది. రెక్కలు కోసింది మీరు కదా అనాలని నోటిదాకా వచ్చింది గానీ అనలేదు. బదులుగా, "రేపు మా తమ్ముడికి ఆపరేషన్ ఉంది సార్" అంది.

డాక్టరు గారి ముఖం ఒక్కసారిగా మెత్తబడింది. కుర్చీ చూపించారు. "ఓహో, అదా సంగతి! ముందే చెప్పొద్దూ? మన మనుషులకు నేను ఒకటి వేస్తానా? రెండు వేస్తాను. పొడవు కూడా సరిగ్గా కొలిచి వేస్తాను. సరేనా? బయట మాత్రం అనకు. వ్యాసం బయటికి రానీ."

"థాంక్స్ సార్" అంది మేడమ్.

తలుపు దాటి పది అడుగులు వేశాక గానీ తనేమన్నదో ఆవిడకు తెలియలేదు. థాంక్స్ అంది. ఆయనకు తెలుసన్నమాట. ఒక్కటి చాలదని లోపల్లోపల ఆయనకు ఎప్పుడూ తెలుసు. మన మనుషులకు రెండు, మిగతా జనానికి ఆయన పేరు. తన మీద తనకే అసహ్యం వేసింది. అసహ్యంతో పాటు, దాచుకుంటే దాగదు కనుక చెప్పాలి, ప్రాణం హాయిగా కూడా ఉంది. తమ్ముడికి రెండు పడతాయి.

మధ్యాహ్నం బంధువులను వార్డులోకి వదిలే వేళకు, ఉతికిన చొక్కా, దువ్వెన పట్టుకుని వెళ్ళింది. ఆరు మంచాల వార్డు అది. తమ్ముడు తలుపు పక్క మంచం మీద కాళ్ళూపుతూ కూర్చున్నాడు. ఆవిడ వాడి చెవి దగ్గర వంగి, నీకు రెండు వేస్తారట, ఎవరికీ చెప్పకు అంది.

"రెండా? ఎందుకే, నాది అంత పెద్ద భుజమా?"

"నోర్మూసుకో."

పక్క మంచం మీద ఉన్నది ఒక డ్రిల్లు మాస్టారు. పిల్లలకు బంతి విసరడం నేర్పుతూ సొంత భుజాన్ని విసిరేసుకున్నాడట. ఆయన భార్య మంచం అంచున కూర్చుని కమలాపండు వలుస్తోంది. మాస్టారికి మాట్లాడేవాళ్ళు దొరికితే పండగే.

"రేపు పొద్దున మొదటి నంబరు నాది, రెండోది మీవాడిది" అన్నాడు మేడమ్‌తో. "ఒక్క స్క్రూయేనట! తొంభై కిలోలు ఆగుతుందట! నాకు బోలెడు. నేను మోసేది ఈల ఒక్కటే."

"ఆ పరీక్ష చేసింది మా అక్కే" అన్నాడు తమ్ముడు, ఛాతీ పొంగించి. "పేపర్లో పేరు కూడా వేస్తున్నారు."

మాస్టారు మర్యాదగా లేవబోయి, భుజం గుర్తొచ్చి మళ్ళీ కూర్చున్నాడు. ఆయన భార్య చేతిలో పండు పక్కన పెట్టేసింది.

"మీరేనా మేడమ్? అయితే ఒక్కమాట అడుగుతాను, ఏమనుకోకండి. ఈయన ధైర్యంగా మాట్లాడతారు గానీ వారం నుంచి అన్నం సరిగ్గా తినట్లేదు. నాకూ భయంగానే ఉంది. మీరు కళ్ళారా చూశారు కదా. నిజంగా ఆగుతుందా?"

మేడమ్ చొక్కా మడత విప్పింది, మళ్ళీ మడిచింది. "డాక్టరు గారు చూసుకుంటారు" అనబోయింది. ఆ మాట బయటికొచ్చేలోపు తమ్ముడు నుదురు చిట్లించి, వార్డంతా వినబడేలా అడిగేశాడు.

"ఏం అక్కా, ఆయనకు ఒకటే చాలితే నాకు రెండెందుకు వేస్తున్నారు?"

మాస్టారి భార్య మేడమ్ ముఖంలోకే చూస్తోంది. ఆవిడ చూపులో ఇంకా కోపం లేదు, నమ్మకమే ఉంది. మేడమ్ భరించలేకపోయింది అదే.

"ఆగదు" అంది మేడమ్.

"ఏంటండీ?"

"ఒకటి ఆగదు. ఆ పరీక్ష తప్పు. నేనే తప్పు చేశాను. రెసిన్ ఎక్కువ పోశాను, స్క్రూ దాన్ని పట్టుకుని ఆగింది. సరిగ్గా చేసి నిన్న మళ్ళీ చూశాను. నలభై కిలోలకే ముక్క తిరిగిపోయింది. డాక్టరు గారికి పొద్దున చెప్పాను. ఆయన మావాడికి రెండు వేస్తానన్నారు, నన్ను నోరు మూసుకోమన్నారు. మూసుకున్నాను." ఊపిరి పీల్చుకుంది. "రేపు ఒకటి వేయించుకోకండి. రెండు వేస్తానని రాసిస్తేనే సంతకం పెట్టండి."

మాస్టారు ఈల ఊదబోయి మరచినవాడిలా నోరు తెరిచి ఉండిపోయాడు. ఆయన భార్య మాత్రం లేచింది. దిండు కింద మడిచి పెట్టుకున్న ఆపరేషన్ అంగీకార పత్రం లాగి, చెప్పులు కూడా తొడుక్కోకుండా నర్సు బల్ల వైపు నడిచింది. "సిస్టర్! డాక్టరు గారిని పిలవండి. ఇప్పుడే పిలవండి" అని ఆవిడ అరవడం మెట్ల దాకా వినబడింది.

తమ్ముడి ముఖం ఎర్రబడింది. "నాకొక్కడికైనా సరిగ్గా పడేది కదే! ఇప్పుడు ఆయన నాకు ఒకటి కాదు కదా, సగం కూడా వేయడు. ఎందుకు చెప్పావు?"

"నువ్వే కదరా అడిగావు."

"నేను ఊరికే అడిగాను! మళ్ళీ నిచ్చెన ఎక్కొద్దా నేను?"

ఇంకో ఊళ్ళో ఇంకో డాక్టరును చూద్దాం అనొచ్చు, అది ఎన్ని నెలలో, ఆలోపు భుజం ఎన్నిసార్లు జారుతుందో వాడికీ తెలుసు. ఆవిడ వాడి జారని చేతిని పట్టుకుంది. వాడు లాగేసుకున్నాడు.

అప్పుడు కిటికీ వైపు చివరి మంచం మీంచి ఒక గొంతు వచ్చింది. పాతికేళ్ళ కుర్రాడు, కుడిచెయ్యి ఛాతీకి కట్టేసి ఉంది. ఇంతసేపూ పడుకుని వింటున్నట్టున్నాడు. ఎడం మోచేతి మీద ఆనుకుని కొద్దిగా లేచాడు.

"మేడమ్, నాకు సోమవారమే ఆపరేషన్ అయిపోయింది, ఈ సారే చేశారు. నాకెన్ని వేశారు?"

మేడమ్ అటు తిరిగింది గానీ అడుగు పడలేదు. శనివారం ఫలితం, సోమవారం ఆపరేషన్, మంగళవారం సుత్తి. ఆవిడ గిన్నెలు రెండు రోజుల ముందు కడిగి ఉంటే ఆ కుర్రాడు ఆ ప్రశ్న అడిగేవాడు కాదు.

తమ్ముడు ఆ కుర్రాడి కట్టు వైపు చూశాడు. కోపం ఇంకా దిగలేదు, అక్క ముఖం చూడకుండానే మోచేత్తో ఆవిణ్ణి పొడిచాడు.

"వెళ్ళు. వెళ్ళి చెప్పు."

మేడమ్ వెళ్ళి, మంచానికి తగిలించిన కేసు కాగితం చూసి, ఆ కుర్రాడి పక్కన స్టూలు మీద కూర్చుంది. "ఒకటే వేశారు బాబూ" అంది.